ఇప్పచెట్టు కింద ఆకుల తూకం

నేను ఎండుటాకులు తూచి బతికాను. ఈ మాట చెబితే మంథనిలో మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. "ఎమ్మెస్సీ సదివి ఆకులు ఏరుతున్నవా బిడ్డా" అని మా బాపు అనేవాడు. ఏరుడు కాదు బాపూ, జోకుడు అంటే, "జోకి ఎవలికి అమ్ముతవ్ మరి?" అనేవాడు. నాకు కోపమొచ్చేది. ఫోను పెట్టేసేదాన్ని.

పని చెబుతాను. అడవికి నిప్పు అంటుకుంటే అది కాళ్ల దగ్గరే పాకి ఆరిపోతుందా, కొమ్మల్లోకి ఎగబాకుతుందా అన్నది నేల మీద ఏం పడి ఉందో దాన్నిబట్టి ఉంటుంది. ఎండుటాకు, గడ్డి, పుల్లలు, విరిగిపడ్డ కొమ్మలు. ఎంత పడింది, ఎంత మందం, అందులో తడి ఎంత, ఇవన్నీ నెలనెలా కొలవాలి. ఈ పని అప్పగించిన మా కరీంనగర్ సారు పట్టుకొచ్చిన పుస్తకం ఎక్కడో చలిదేశాల పైన్ అడవుల కోసం రాసింది. అక్కడి చెట్లు సూదుల్లాంటి ఆకులు రాలుస్తాయట, అవి చాప పరిచినట్టు ఒత్తుగా పడతాయట. నేను పనిచేసిన జైనూర్‌ది టేకు అడవి. ఒక్కో ఆకు విస్తరంత ఉంటుంది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడి మధ్యలో అంతా బోలుగా ఉంటుంది. స్కేలు గుచ్చి మందం కొలిస్తే ఒకచోట రెండు వేళ్లు, జానెడు పక్కకు జరిగితే ఆరు వేళ్లు. ఆ పుస్తకం రాసిన మహానుభావుడు ఒక్కసారి వచ్చి కొలిచి చూపిస్తే చాయ్ పోసి పంపిద్దామని చాలాసార్లు అనుకున్నాను.

మీటరు పొడవు, మీటరు వెడల్పు ఇనుప చట్రం ఒకటి ఉండేది నాకు. దాన్ని నేల మీద వేసి, లోపల పడ్డ ప్రతి ఆకునూ ప్రతి పుల్లనూ తీసి సంచిలో వేసి, స్ప్రింగు తక్కెడకు తగిలించి బరువు రాసుకోవాలి. పుల్లలను అగ్గిపుల్లంతవి, బొటనవేలంతవి, మణికట్టంతవి అని వేరుచేయాలి. సన్నవి గంటలో ఎండిపోతాయి, లావువాటికి రోజులు పడుతుంది. సంచులన్నీ జైనూర్‌లో నా అద్దె గదికి మోసుకొచ్చి, ఆరబెట్టే పెట్టెలో పెట్టి, మర్నాడు మళ్లీ తూచాలి. బరువు ఎంత తగ్గితే అంత నీరు ఉన్నట్టు.

ఈ పనికి పక్కన ఇంకో మనిషి అక్కర్లేదు. అదే దాని దరిద్రం. జీపు డ్రైవరు పొద్దున దింపి సాయంత్రం వచ్చేవాడు. మధ్యలో ఎనిమిది గంటలు నేనూ ఆకులూ. తక్కెడ మీద అంకె కనబడగానే "నాలుగు వందల ఇరవై" అని గట్టిగా చదివేదాన్ని, ఒక మనిషి గొంతు వినబడాలని. మా ఆయన పదకొండేళ్లుగా మస్కట్‌లో ఉన్నాడు. వారానికొకసారి ఫోను. "తిన్నవా?" "తిన్న." "పైలం." అంతే మా సంసారం. పిల్లలు లేరు. ఒంటరిదానివైపోయావని అప్పుడు ఎవరైనా అంటే మీదపడి కరిచేదాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను, ఒంటరిగానే ఉండేదాన్ని.

పైగా నా నోరు మంచిది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అవ్వ చిన్నప్పటి నుంచి చెప్పీ చెప్పీ అలసిపోయింది.

కార్తీకంలో కొలత జాగాలకు గుర్తులు పెట్టాం. వాటిలో ఒకటి ఏడాదిపాటు నేను తప్ప ఎవరూ ఆకు ముట్టని జాగా కావాలి. మిగతా వాటిని దానితో పోల్చి చూస్తారు. ఒక పెద్ద ఇప్పచెట్టు మధ్యలో వచ్చేలా ఇరవై అడుగుల చదరం ఎంచుకున్నాను. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, పసుపు రిబ్బను చుట్టాను. నింపాల్సిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ఈ స్థలాన్ని మనుషులు వాడుతున్నారా? అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. గోండు గూడెం అరకిలోమీటరు దూరంలోనే ఉంది, పోయి ఒక మాట అడగొచ్చు. అడగలేదు. చదువుకున్నదాన్ని కదా, నా కళ్లతో చూస్తే చాలనుకున్నాను.

ఆమె వచ్చింది ఆ తరువాతి వారమే. గూడెం ఆవిడ, అరవై దాటి ఉంటాయి. నెత్తిన కట్టెల మోపు. నేను చట్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని పుల్లలు ఏరుతున్నాను.

"ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా, గట్ల దేవులాడుతున్నవ్?"

"ఏం పోలేదవ్వా. ఆకులు జోకుతున్న."

మోపు దించి, ఇప్పచెట్టు పక్కనున్న బండ మీద కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆకులు జోకుడేందే? బంగారమా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నెల రోజుల తరువాత నవ్వడం అదే మొదలు.

అప్పటినుంచి నేను వచ్చినప్పుడల్లా ఆమె వచ్చేది. మొగడు పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, మహారాష్ట్రలో కిన్వట్ వైపు ఇచ్చింది. ఎలుగుబంటి కథలు చెప్పేది, కూతురి కథలు చెప్పేది, నేల మీద కూర్చోవడం కూడా నాకు చేతకాదని వెక్కిరించేది. "మీ ఆయన ఎప్పుడొస్తడు?" అని అడిగింది ఒకసారి. "దసరాకు" అన్నాను. "ఏ దసరాకు?" అంది. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఇంటికి పంపేదాన్ని కాదు. ఆమె అంటే మాత్రం నవ్వి ఊరుకున్నాను.

లెక్క ప్రకారం ఆ జాగాలో నెలకు నాలుగు చట్రాలు తీస్తే చాలు. నేను ఎనిమిది తీశాను, ఒక్కోసారి పది. పని అయిపోతే జీపు వస్తుంది, జీపు వస్తే గది, గదిలో గోడలు. అందుకని ఇంకో చట్రం వేసేదాన్ని, ఇంకాసేపు కూర్చోవచ్చని. ఆమె కూర్చునే బండ ఇప్పచెట్టు పక్కనే కాబట్టి నా చట్రాలన్నీ ఆ చెట్టు చుట్టే పడేవి. "తియ్యి తియ్యి, నాకు పని తక్కువైతది" అనేది ఆమె. ఏం పని అని నేను అడగలేదు. ఎప్పటిలా ఎగతాళి చేస్తోందనుకున్నాను.

ఫాల్గుణం వచ్చింది. ఎండ ముదిరింది. పక్క బ్లాకులో నిప్పు లేచి నా కొలత జాగాలు రెండు బూడిదయ్యాయి. ఆ రాత్రే మస్కట్ నుంచి ఫోను, ఈ ఏడు కూడా సెలవు దొరకలేదని. మర్నాడు పొద్దున నేను ఎలాంటి మూడులో జీపు దిగానో డ్రైవరుకు తెలుసు. ఇప్పచెట్టు దగ్గరికి వచ్చేసరికి రిబ్బను లోపల పొగ. ఆమె చీపురుతో చెట్టు కింద ఒక పక్క ఊడ్చి, కాస్త ఆకు కుప్పచేసి, అగ్గిపుల్ల గీసింది.

"ఎవలు ముట్టమన్నరు నిన్ను?" అని అరిచాను. "రిబ్బను కనవడ్తలేదా? గిది సర్కారు జాగ. ఆకు ముట్టుకుంటే కేసు అయితది, జైలుకు పోతవ్!"

"నా చెట్టు బిడ్డా" అంది ఆమె. "పువ్వు వడే దినాలొచ్చినయ్."

"నీ చెట్టని ఎవలు రాసిచ్చిండ్రు? కాయితం ఉన్నదా?"

ఆమె పచ్చి కొమ్మ ఒకటి విరిచి, తను పెట్టిన నిప్పును తనే కొట్టి ఆర్పింది. చీపురు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను కాలిన ఆకు ఎంతో అంచనా వేసి రిజిస్టరులో రాసుకున్నాను. 

ఆమె మళ్లీ రాలేదు.

తరువాత పువ్వు పడింది. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. నేను వెళ్లేసరికి ఎండుటాకుల నిండా పాలరంగు పూలు, అడవంతా మత్తు వాసన. నేల శుభ్రంగా ఉంటే దోసిళ్లతో ఎత్తుకోవచ్చు. ఆకుల్లో పడితే సందుల్లోకి జారి, రెండు రోజుల్లో చీమలు పట్టి కుళ్లుతుంది. అందుకే ముందుగా ఊడ్చి కాలుస్తారని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేశాను? తూచాను. ఫారంలో 'ఇతరములు' అని ఒక గడి ఉంది, పువ్వును అందులో వేశాను. తడి ఎక్కువ కాబట్టి నా లెక్కలు పాడుచేస్తున్నాయని వాటి మీద విసుక్కున్నాను కూడా. సంచుల్లో మురిగి గదంతా తీపి కంపు కొట్టింది. అడవిలో ఇన్ని ఇప్పచెట్లు ఉన్నాయి, ఆమె ఇంకోచోట ఏరుకుంటుందిలే అనుకున్నాను.

జైనూర్ అంగట్లో ఆమె కోసమని ఆకూ వక్కా కొన్నాను. రోజూ సంచిలో పెట్టుకుపోయేదాన్ని. తమలపాకులు వాడిపోయి పారేసి, మళ్లీ కొన్నాను. అరకిలోమీటరు నడిచి గూడెం పోతే అయిపోయేది. పోలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తప్పు చేసింది తను కదా, తనే రావాలి అని కూర్చున్నాను. ఖాళీ బండ వైపు వీపు పెట్టి పనిచేయడం అలవాటు చేసుకున్నాను.

పువ్వు కాలం అయిపోయాక ఒకరోజు డ్రైవరు చెప్పాడు. "మేడం, పట్లా మిమ్ములను రమ్మంటుండు. గా ఇప్పచెట్టు పంచాది."

పట్లా అంటే గూడెం పెద్ద. ఆయన ఇంటి అరుగు మీద పదిమంది దాకా కూర్చున్నారు. ఆమె ఒక గుంజకు ఆనుకుని నేల చూస్తోంది. కేసు పెడతానన్నందుకు నన్ను నిలదీస్తారేమోనని జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లాను. పట్లా నాకు నీళ్లిప్పించి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"బిడ్డా, మా దగ్గర చెట్టుకు కాయితం ఉండదు. చీపురే కాయితం. ఏ యేడు ఎవలు ఊకితే ఆ చెట్టు వాళ్లది. గా చెట్టు కింద గీమె అత్త ఊకింది, అటెన్క గీమె ఊకింది. ఈ యేడు పూర్తిగ ఊకలే."

"నేనే ఊకనియ్యలే. తప్పు నాది" అన్నాను. నిజంగానే అన్నాను.

"గదే చెప్తున్న. ఈ యేడు ఊకింది నువ్వు. చెట్టు నీదైంది."

నాకు నవ్వొచ్చింది. ఇంకెవరూ నవ్వలేదు. "నేనేడ ఊకిన? నేను ఆకు జోకిన!"

"ఆకు తీసినవా లేదా?"

"తీసిన, కని..."

"నెలనెల తీసినవ్. మూటలు గట్టి జీపుల ఏసుకపోయినవ్. ఊరంత చూసింది. మేం ఏడాదికొక్కసారి ఊకుతం. నువ్వు అయిదు నెలల సంది ఊకుతున్నవ్."

ఆ చెట్టు చుట్టూ నేను అక్కర్లేకపోయినా వేసిన చట్రాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. పక్కనుంచి డ్రైవరు గుసగుసగా చెప్పాడు. "మేడం, దగ్గర్ల ఉన్న చెట్లన్ని ఒక్కొక్కళ్లయి. గీ ముసలామె దూరం పోలేదు. వానకాలం నాలుగు నెలలు ఆమె పొయ్యి మీద ఉడికేది గా పువ్వే." చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు లేచి నిలబడ్డాను.

"నాకొద్దు ఈ చెట్టు. ఈ అవ్వకే ఇచ్చేస్తున్న. ఇప్పుడే, అందరి ముంగట."

పట్లా తల అడ్డంగా ఊపాడు. "చెట్టు చేతిల వెట్టి ఇచ్చేది కాదు బిడ్డా. గీ ఒక్కదానికి ఇడిస్తే రేపు చెట్టు చెట్టుకు కొట్లాటైతది. ఒక్క తొవ్వ ఉన్నది. నువ్వు ఏ ఇంటిదానివి?"

"ఏ ఇల్లయితే ఏంది?"

"గీమె, నువ్వు ఒక్క ఇంటోళ్లయితే లొల్లే లేదు. ఇంట్ల ఎవలు ఊకినా చెట్టు ఆ ఇంటిదే. అందుకే అడుగుతున్న. ఏ ఇంటిదానివి?"

ఎంత మామూలు ప్రశ్న! మా ప్రాంతంలో బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కూడా అడుగుతారు. నా ఇళ్లు లెక్కపెట్టుకున్నాను. మంథనిలో అత్తగారిల్లు మా బావగారిది, అందులో నాదని ఒక ఇనుప పెట్టె ఉంది. మస్కట్‌లో మా ఆయనది ఎనిమిది మంది పడుకునే గది. జైనూర్‌లో నా అద్దె గదిలో నాకంటే ఆకుల సంచులకే ఎక్కువ జాగా. అంతమంది మధ్య నిలబడి, నాకు చెప్పుకోవడానికి ఒక ఇల్లు లేదని ఆ రోజు తెలుసుకున్నాను.

"ఈ అవ్వ ఇంటిదాన్నే" అన్నాను. "ఆమె బిడ్డననుకోండ్రి."

చెట్టు కోసం అన్న మాటే. కానీ అబద్ధం ఆడుతున్నట్టు అనిపించలేదు.

పట్లా ఆమె వైపు తిరిగాడు. ముందు గోండిలో అడిగాడు, తరువాత నాకు తెలియాలని తెలుగులో అడిగాడు. "గీమె మీ ఇంటిదేనా?"

ఆమె తలెత్తి నన్ను చూసింది. అవునంటే చెట్టు దక్కుతుంది. నేను తల ఊపుతూనే ఉన్నాను, అను, అను అని.

"కాదు" అంది.

పట్లా నిట్టూర్చి, చివరి మాట చెప్పాడు. ఇకనుంచి వచ్చే పువ్వు కాలం దాకా ఆ చెట్టు కింద ఆకును నేను గానీ, నా పని మీద వచ్చినవాళ్లు గానీ ముట్టకూడదు. అక్కడ కాలు కూడా పెట్టకూడదు. అలాగైతే నేను చెట్టును విడిచినట్టు. అప్పుడు ఎవరు ముందుగా ఊడిస్తే వాళ్లది.

ఆమె లేచి బయటికి నడిచింది. వెనకే పరుగెత్తాను. కంచె మలుపు దగ్గర అందుకున్నాను.

"నా మీద కోపముంటే తిట్టు, రెండు దెబ్బలు కొట్టు. చెట్టెందుకు పోగొట్టుకుంటవ్? ఒక్క మాట అవునంటే అయిపోయేది గద!"

"కోపమా?" అంది ఆశ్చర్యంగా. "ఆ దినం ఉండె. పండుకొని లేసినంక పోయింది."

"మరి కాదని ఎందుకన్నవ్?"

ఆమె నడక ఆపింది. "నలుగురి ముంగట బిడ్డ అన్నంక బిడ్డే గద. మల్ల నువ్వు పోతవ్. నౌకరి అయిపోతది, జీపెక్కి పోతవ్. పోయే మనిషివి నువ్వు. ఒక్క బిడ్డను కన్న, కిన్వట్ దిక్కిచ్చిన. దాని తొవ్వ చూసుడే సరిపోయింది నాకు. ఇంకొకదాని తొవ్వ చూసెటందుకు నా కండ్లల్ల సత్తువ లేదు బిడ్డా."

కాదన్న మనిషి నన్ను బిడ్డా అనే పిలిచింది. అది నేను గమనించాను, ఆమె గమనించలేదు. అక్కడే కంచె పట్టుకుని నిలబడిపోయాను. ఎక్కడికీ పోనవ్వా అని అనాలనుకున్నాను. నా ఉద్యోగ ఒప్పందం ఎప్పటిదాకానో నాకే తెలుసు కాబట్టి అనలేకపోయాను.

ఆ వానాకాలం ఒకసారి బియ్యం మూట పట్టుకుని ఆమె ఇంటికి పోయాను. చెట్టు తీసుకుని బియ్యం ఇస్తావా అని ఆమె అనలేదు, అలా అనే మనిషి కాదు. "ఉన్నయ్ బిడ్డా" అని తలుపు దగ్గరగా వేసింది. పొయ్యి రాజేసిన జాడేమీ లేదు. మూట గడపలో పెట్టి వచ్చాను. మర్నాడు డ్రైవరు దాన్ని జీపులో తెచ్చి నాకిచ్చాడు, ముడి కూడా విప్పలేదు.

బస్సెక్కి కరీంనగర్ పోయి సారుకు మొత్తం చెప్పాను. ఆయన మంచివాడే. "ఇంత చిన్నదానికి ఎందుకమ్మా అంత పరేషాన్? నువ్వు వేరే బ్లాకుకు వెళ్లు, అక్కడికి ఇంకొకరిని పంపుతా" అన్నాడు.

"వాళ్లు ఆకు తీస్తే చెట్టు వాళ్లదవుతుంది సార్."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. తెల్లకాగితం అడిగి తీసుకుని అక్కడే రాసిచ్చాను. ఈ స్థలాన్ని మనుషులు వాడుతున్నారా అన్న ప్రశ్నకు నేను పెట్టిన టిక్కు తప్పు. ఎవరినీ అడగకుండా పెట్టాను. ఇప్పచెట్టు కింద తీయాల్సిన దానికి రెండింతలకు పైగా ఆకు తీశాను. ఈ జాగా లెక్కలు పనికిరావు, దీన్ని రద్దు చేయాలి. సారు చదివి కళ్లద్దాలు తీశాడు. ఏడాది కష్టం పోయిందన్న బాధ ఆయన ముఖంలో కనబడింది. "రెండింతలు ఎందుకు తీశావు? నీకు తెలియనిది కాదే" అన్నాడు. మాట్లాడటానికి మనిషి దొరికిందని తీశాను సార్ అని చెప్పడానికి సిగ్గేసింది. పొరపాటు జరిగిందన్నాను.

నన్ను నిర్మల్ వైపు, కడెం అవతలి అడవికి మార్చారు. దసరా ముందు ఇప్పచెట్టు దగ్గర మేకులు పీకేసి, రిబ్బను చుట్టచుట్టుకున్నాను. ఆ పని కూడా పట్లా అనుమతి అడిగి, ఆయన మనిషిని పక్కన పెట్టుకుని చేశాను. ఆమె కనబడలేదు. కావాలనే కట్టెలకు వేరే దారిలో పోయి ఉంటుంది. నా జీపు పోవడం చూడటం ఇష్టంలేక అని నేను అనుకున్నాను. అది నా ఆశ కూడా కావచ్చు.

కొత్తచోట అదే చట్రం, అదే తక్కెడ, అదే టేకాకు. ఇక్కడ మాత్రం మొదటిరోజే ఊళ్లోకి పోయి ప్రతి చెట్టు గురించీ అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పని ఎంత ఉంటే అంతే చేశాను, ఒక్క చట్రం ఎక్కువ వేయలేదు. వేసినా కూర్చోబెట్టుకునేందుకు ఎవరున్నారు? మాఘం పోయింది. ఇప్పచెట్లు ఆకు దులుపుకుంటుంటే నాకు తిండి సహించలేదు. ఆమె ఊడ్చిందో లేదో! వానాకాలం ఎలా గడిచిందో, చీపురు పట్టే ఓపిక ఉందో లేదో. వేరే ఎవరైనా ముందే ఊడ్చేశారేమో. జైనూర్ డ్రైవరుకు రోజు విడిచి రోజు ఫోను చేశాను. "ఇంకా లేదు మేడం, ఫికర్ చేయకుండ్రి" అనేవాడు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ, చివరికి బాసర సరస్వతికి కూడా మొక్కాను. చదువులతల్లికి చీపురు సంగతి ఏం తెలుస్తుందని అనుకుంటూనే మొక్కాను.

ఒక పొద్దున చట్రం ముందు కూర్చుని ఉండగా డ్రైవరు నుంచే ఫోను వచ్చింది.

"మేడం, అవ్వ ఊకింది!"

"ఎప్పుడు?"

"ఇయ్యాల్నే. ఎవ్వరు లేవకముందే పోయిందట. కొసాకు దాక సాఫ్ ఊకి కాలవెట్టింది. పట్లా పోయి చూసొచ్చిండు. చెట్టు ఆమెదే అన్నడు, ఎవ్వరు ఎదురు మాట్లాడలే."

తక్కెడ పక్కన పడేశాను. ఏడ్చాను. బాగా గట్టిగా ఏడ్చాను. ఆయన ఫోను పెట్టకుండా ఆగాడు.

"మేడం, ఉన్నరా?"

"ఉన్న. చెప్పు."

"నేను మీకు ఫోను చేస్త అంటే అవ్వ ఒక్క మాట అడగమన్నది. 'దానితోని మాట్లాడెటోళ్లు అక్కడ ఎవలన్న దొరికిండ్రా' అని. సాయంత్రం అటే పోతున్న. ఏం చెప్పాలె?"

కొంగుతో ముఖం తుడుచుకుని చుట్టూ చూశాను. ఆకులు తప్ప ఎవరూ లేరు.

"దొరికిండ్రని చెప్పు" అన్నాను.